పొట్టికాలి పలక

నెరేత్వా నది మొగ,
మే 27.

పెరీనా వదినకు,

మీ చెల్లెలు నెవెంకా కులాసా. కమలాతోట కులాసా. కోళ్ళు కూడా కులాసా. బాగోలేనిది నేనొక్కణ్ణే. ఒంట్లో కాదు, పేరులో.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటారు. నా మూడో ఫోను కూడా సముద్రంలో పడిపోయింది. ఊరి పండగ దాకా ఇంకోటి కొనేది లేదని మీ చెల్లెలు తేల్చి చెప్పింది. ఇంటి ఫోను వంటింట్లో ఉంది, వంటింట్లో మీ చెల్లెలుంది. ఈ సంగతి ఆమె చెవిన పడకూడదు.

విషయం ఇదీ. నిన్న నాకొక కార్డు వచ్చింది. వెనకాల ఒక్క ముక్క కూడా రాసి లేదు. అడ్రసు చోట మాత్రం ‘లంగరు, నది మొగ’ అని ఉంది. రోకో అని లేదు, ఇంటిపేరు లేదు. పోస్ట్‌మాన్ ఎవరినీ అడగలేదు, ఆలోచించలేదు. తిన్నగా మా గేటు దగ్గరికొచ్చి, ‘ఇదిగో, నీకే’ అని చేతిలో పెట్టి పోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది వదినా.

మా ఊరి సంగతి మీకు తెలియంది కాదు. రోకోలమే పదకొండుమందిమి ఉన్నాం. అందులో ఏడుగురికి ఇంటిపేరు కూడా ఒకటే. మారుపేరు లేకపోతే మనిషి లేనట్టే లెక్క. మా తాత హోరుగాలిలో పడవ వేసుకుపోయి అవతలి ఒడ్డు నుంచి మంత్రసానిని తెచ్చాడని మాకు ‘గాలివాన’ అని పేరొచ్చింది. మూడు తరాలుగా గాలివానవాళ్ళం. ఆ పేరుకు నేనేమన్నా మచ్చ తెచ్చానా? గాలి ఈడ్చి కొట్టే రోజున గాలిపటం కట్టుకుని ఈ మొగలో నా అంత ఎత్తు ఎగిరినవాడు ఇంకొకడు లేడు.

కానీ ఈ ఏడు గాలేదీ? మధ్యాహ్నం పూట సముద్రం మీద నుంచి రావలసిన గాలి వస్తోందో రావట్లేదో పక్కవాణ్ణి అడగాల్సి వస్తోంది. గాలిపటం లాగుతుంటే నీళ్ళ మీద నిలబడి జారే నా పలక మీకు తెలుసుగా, రెండు కొసలూ ఒకేలా ఉండే చిన్నది. గాలుంటే ఎటు కావాలంటే అటు దూసుకుపోతుంది. గాలి లేనప్పుడు నూటపన్నెండు కిలోల మనిషి దాని మీదెక్కితే పైన గాలిపటం ఊగుతూ ఉంటుంది, కింద నేను నడుం దాకా దిగబడి ఉంటాను. పోయిన ఆదివారం అలా నలభై నిమిషాలు ఒక్క చోటే ఉన్నాను. మా పక్కతోట వింకో ఒడ్డున కాఫీ తాగుతున్నాడు. వాడు అరవై కిలోలుండడు, చీమ తుమ్మినా వాడి పలక కదులుతుంది. లేచి నిలబడి, ‘ఒరేయ్ రోకో! నా పడవ నీకు కట్టేసుకోనా? మంచి లంగరువి!’ అని కేకేశాడు. అంతే. సోమవారం పొద్దున రొట్టెలకొట్టు ఆవిడ, ‘లంగరుగారికి రెండు రొట్టెలు’ అంది.

ఆగస్టు పదహారు మా పునీత రోకోవారి పండగ. ఆ సాయంత్రం పాశ్కో తాత మలుగుచేప పులుసు కుండ దగ్గర నిలబడి ఒక్కో ఇంటినీ మారుపేరు పెట్టి పిలుస్తాడు. ఏ పిలుపుకి లేచి కంచం అందుకుంటే అదే నీ పేరు, చచ్చేదాకా. చచ్చాక కూడా. స్తంభాలకి అంటించే చావు కబురు కాగితం మీద అదే వేస్తారు. మూడుసార్లు పిలిచినా లేవకపోతే ఆ పేరు రద్దు, కంచం కూడా రద్దు. మలుగుచేప పులుసు వదినా! ఇంతవరకూ లేవకుండా కూచున్నవాడు ఒక్కడూ లేడు. నా సంగతి నాకు తెలుసు, నేనూ లేస్తాను.

మీరు ఆ నీన్‌లో ఉప్పుమళ్ళ పక్కన పాతికేళ్ళుగా పలకలు అమ్ముతూ, వచ్చినవాళ్ళకి నేర్పుతూ బతుకుతున్నారు. అక్కడా గాలి అంతంత మాత్రమే కదా. ఏదో ఒక ఉపాయం చెప్పండి.

మీ మరిది,
రోకో (ఇప్పటికింకా గాలివాన)


నీన్,
జూన్ 3.

మరిదీ,

నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి తుంటి పట్టేసింది. కొత్త తుంటి. నిరుడే వేయించుకున్నాను, నిదానంగా నవ్వమని డాక్టరు చెప్పాడు. ఇంకోసారి ఇలాంటివి రాసేటప్పుడు ముందు హెచ్చరించు.

నీ జబ్బేమిటో నాకు తెలుసు. నువ్వు గాలితో కుస్తీ పట్టడం నేర్చుకున్నావు. మడమల మీద వెనక్కి వాలి లాగడం, పలక అంచు నీళ్ళలో గుచ్చడం, నోరు పెద్దగా తెరిచి అరవడం, ఈ మూడే నీకొచ్చు. గాలే లేనప్పుడు ఎవడితో కుస్తీ? అవతలివాడు రాని రోజున గోదాలో ఒక్కడివే దొర్లుతున్నట్టుంది నీ వ్యవహారం.

నా దగ్గరొక వెడల్పాటి పలక ఉంది. దాన్ని ఇక్కడ అందరూ ‘తలుపు’ అంటారు, అంత ఉంటుంది. నీ చిన్నపలక మునిగేచోట ఇది తేలుతుంది. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పెద్ద గాలిపటం కట్టుకో, పదిహేడు చదరపు మీటర్లది. వెనక్కి వాలకు, నిటారుగా నిలబడు. వాలితే అదీ మునుగుతుంది.

నెవెంకాకి నేను చెప్పను. కానీ అడిగితే అబద్ధం ఆడను. అడక్కుండా చూసుకోవడం నీ పని.

పెరీనా


నెరేత్వా నది మొగ,
జూన్ 16.

వదినా,

తలుపు అందింది. బస్సు డ్రైవరు దాన్ని అడ్డంగా పెట్టుకుని వచ్చాడట. ఇద్దరు ముసలమ్మలు దారంతా దాని మీదే కూచున్నారట. దిగేటప్పుడు బాగుందన్నారట.

ఇక నా సంగతి. తేలాను! ఆ మాట ముందు చెప్పాలి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పలక కదిలింది, నేను కదిలాను, ఒడ్డు వెనక్కి పోయింది. ఎంత వెనక్కి పోయిందంటే ఇక తిరిగి రాలేదు. ఆ తలుపుకి పోవడమే వచ్చు వదినా, రావడం రాదు. గాలి ఎటు తోస్తే అటే. గాలికి ఎదురు తిప్పుదామని అలవాటు కొద్దీ మడమల మీద వాలాను. మీరన్నట్టే మునిగింది. తేలితే కొట్టుకుపోతున్నాను, కొట్టుకుపోకూడదనుకుంటే మునుగుతున్నాను.

చివరికి మూడు కిలోమీటర్ల అవతల కాలవగట్టున తేలాను. తలుపు నెత్తిన పెట్టుకుని కమలాతోటల మధ్య నుంచి నడిచాను. ప్రతి తోటలోంచీ ఒక తల లేచింది. ‘ఏం రోకో, ఇల్లు మారుతున్నావా?’ ‘తలుపొకటే తెచ్చావేం, గోడలెప్పుడు?’ వింకో అయితే తోటలోంచి బయటికొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. ‘లంగరు తెగింది, ఊరు క్షేమం’ అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు జారాను. ‘పండగ రోజున నువ్వూ నేనూ, ఇసుక తిప్ప నుంచి నీళ్ళలో తేలే ఎర్రడ్రమ్ము దాకా పోయి రావాలి. గాలి ఎంతున్నా సరే! నేను ముందొస్తే ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు’ అన్నాను. వాడు, ‘నేను ముందొస్తే పాశ్కో తాత మొదటి పిలుపుకే నువ్వు లేవాలి, మూడోదాకా బిగుసుకుని కూచోకూడదు’ అన్నాడు. చేతులు కలిపాం. పాశ్కో తాత అక్కడే కప్పలు పట్టే బుట్ట అల్లుకుంటున్నాడు. విన్నాడు, తలూపాడు. ఇంక వెనక్కి పోయేది లేదు.

రెండు నెలలుంది. నన్ను కాపాడండి.

రోకో


నీన్,
జూన్ 24.

మరిదీ,

ఈసారి తుంటికి దిండు పెట్టుకుని చదివాను.

పందెం కట్టినందుకు నిన్ను తిట్టాలి, కానీ తిట్టడానికి టైము లేదు. తలుపు వద్దు. కాలుపలక నేర్చుకో. నువ్వు చూసే ఉంటావు. పలక అడుగున నిలువుగా ఒక కాలు, ఆ కాలి చివర విమానం రెక్కలాంటిది. కాస్త వేగం రాగానే ఆ రెక్క నీళ్ళలోంచే పలకని పైకెత్తేస్తుంది. పలక గాలిలో, రెక్క నీళ్ళలో, మధ్యలో నువ్వు. రాపిడి ఉండదు, చప్పుడు ఉండదు. జెండా కూడా కదలని రోజున పోతావు. గాలికి ఎదురు కూడా పోతావు. యాభైయేడేళ్ళప్పుడు నేను నేర్చుకున్నాను. నీకు నలభైతొమ్మిదేగా.

ఇప్పుడు జాగ్రత్తగా విను. నీకొచ్చినవన్నీ దీని మీద తప్పులే. పాత పలక మీద బరువు వెనక్కాలి మీద, దీని మీద ముందుకాలి మీద. వెనక్కి వాలావా, గుర్రంలా లేచి నిన్ను విసిరేస్తుంది. పాతదానికి ముందూ వెనకా లేవు, దీనికి ముక్కుంది. కాళ్ళ వంక చూశావా, పడ్డావే.

ఎలా నిలబడాలంటావా? మీ పెళ్ళిలో నెవెంకా చర్చిలోకి ఎలా నడిచొచ్చిందో గుర్తు తెచ్చుకో. తల నిటారుగా, చూపు తిన్నగా బలిపీఠం మీద. అంత పొడుగు గౌను కాళ్ళకి చుట్టుకుంటున్నా ఒక్కసారి కిందికి చూసిందా? తొందరపడిందా? ఎవరైనా పిలిస్తే తిరిగిందా? మోకాళ్ళు మెత్తగా, ఒళ్ళు నిశ్శబ్దంగా. నువ్వు పెళ్ళికూతురివి మరిదీ. వణుకు పుట్టినప్పుడల్లా అదే అనుకో, ‘నేను పెళ్ళికూతుర్ని’ అని. నా దగ్గర నేర్చుకునే మగాళ్ళందరికీ ఇదే చెబుతాను, అందరూ మొదట మొహం మాడ్చుకుంటారు, తర్వాత లేస్తారు.

పొట్టికాలి పలక పంపుతున్నాను. అరవై సెంటీమీటర్ల కాలు. తలుపు తిరిగి పంపించు, ముసలమ్మలు అడుగుతున్నారట.

పెరీనా


నెరేత్వా నది మొగ,
జూలై 6.

శ్రీమతి పెరీనా గారికి,

మీరు పంపిన సరుకు అందింది.

పదకొండు రోజుల్లో నేను నూటనలభై సార్లు పడ్డాను. తర్వాత లెక్కపెట్టడం మానేశాను. అది నా ఖర్మ, మిమ్మల్ని అనను.

నిన్న వింకో ఒడ్డుకి ఒక కొత్త కాలుపలక తెచ్చాడు. దాని కాలు మీటరు పైన ఉంది. వాడు దాని మీద లేస్తే కొంగలా ఆకాశంలో ఉన్నాడు. నా పలక వంక చూసి, ‘ఇది పిల్లల సైజా, లంగరూ?’ అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. అది కూడా మిమ్మల్ని అనను.

కానీ ఆ పలక అడుగున మీ కొట్టు చీటీ అంటించి ఉంది. నీలం రంగు చీటీ, ఉప్పుకుప్ప బొమ్మ. నా పలక మీదా అదే ఉంది.

సొంత చెల్లెలి మొగుడికి పొట్టిది, పరాయివాడికి పొడుగుది. మంచిది. ఇరవైనాలుగేళ్ళ చుట్టరికం. నేను ఇంతకంటే రాయను.

ఇట్లు,
రోకో


నీన్,
జూలై 11.

శ్రీమంతులైన రోకో గారికి,

అబ్బో, ‘శ్రీమతి’ట! ‘సరుకు’ట! నీ అలక కవరులోంచి కిందికి కారుతోంది. ఉత్తరం విప్పగానే పిల్లి కూడా లేచి పోయింది.

అవును, అమ్మాను. నాది కొట్టు నాయనా, చర్చి కాదు. వింకో ఫోన్ చేసి, ‘మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పొడుగు కాలు కావాలి’ అన్నాడు. నేను ఒకటికి రెండుసార్లు చెప్పాను, ‘అబ్బాయ్, మీ మొగలో లోతు లేదు, నది మట్టి తెచ్చి పోస్తుంది, పొట్టిది తీసుకో’ అని. వాడేమన్నాడో తెలుసా? ‘ఈ మొగలో పుట్టినవాణ్ణి, నాకు మీరు లోతు చెబుతారా? పొట్టిది లంగరుకి ఇచ్చుకోండి’ అన్నాడు. సరే అని ఇచ్చాను. నేను చెప్పాల్సింది చెప్పాను, వాడు విననన్నాడు. అమ్మినవాళ్ళకి పలకే ఇస్తాను, బుద్ధి ఇవ్వను. అది చుట్టాలకే.

ఇప్పుడు నువ్వు చెప్పు. మీ ఇసుక తిప్పకి ఈవలున్న మిట్ట మీద ఆగస్టులో నీళ్ళెంత? నువ్వు పాత పలక మీద ముప్పై ఏళ్ళుగా దాని మీదుగా అడ్డదారిన పోతున్నావు, అడుగున ఏముందో ఎప్పుడూ చూసి ఉండవు. పోయి కర్రతో కొలువు. అప్పుడు నీది పొట్టికాలో కాదో నాకు రాయి.

‘ఇంతకంటే రాయను’ అన్నావు. ఎన్నాళ్ళు రాయవో చూస్తాను.

నీ శ్రీమతి పెరీనా గారు


నెరేత్వా నది మొగ,
జూలై 30.

వదినా,

నేను గాడిదని. ఈ మాట మీరు దాచుకుని మీ చెల్లెలికి చూపించినా ఫరవాలేదు.

కొలిచాను. మిట్ట మీద నడుం దాకా కూడా లేవు నీళ్ళు. వింకో పలక కాలు అక్కడ దిగితే మట్టిలోకే. ఈ సంగతి వాడికి చెప్పాలా వద్దా అని మూడు రోజులు బాధపడ్డాను. చివరికి వెళ్ళి చెప్పాను కూడా. ‘భయపడుతున్నావా లంగరూ?’ అన్నాడు. ఇక చెప్పను.

అసలు కబురు ఇప్పుడు. నేను లేచాను! ఎలాగో వినండి.

మీ చెల్లెలు తేనెపెట్టెలు కాలవ అవతలి తోటకి మార్చమంది. మా కాలవల్లో తిరిగే సన్నపడవ మీకు తెలుసుగా, మనిషి నిలబడి ఒకే తెడ్డుతో తోసేది, తుమ్మితే బోర్లాపడేది. అందులో ఆరు తేనెపెట్టెలు. ఒక్క కుదుపు వచ్చిందంటే ఆరు పెట్టెల తేనెటీగలూ నా మీదే. నిలబడ్డాను. కాలవ మలుపు దగ్గర ఒక్కసారి నా ఒంటి వంక నేనే చూసుకున్నాను. బరువంతా ముందుకాలి మీద ఉంది. మోకాళ్ళు మెత్తగా ఉన్నాయి. చూపు దూరంగా మలుపు మీద ఉంది. నోరు మూసుకుని ఉంది! ఏడేళ్ళ వయసు నుంచి ఇలాగే నిలబడుతున్నాను వదినా. మీరు నెల రోజులుగా చెబుతున్నది ఇదే కదా! నాకు వచ్చిన విద్యే నాకు రాదని ఏడ్చాను.

తేనెపెట్టెలు దింపేసి తిన్నగా సముద్రానికి పోయాను. నా ముందు ఆరు తేనెపెట్టెలు ఉన్నట్టే అనుకుని నిలబడ్డాను. పలక లేచింది. చప్పుడు ఆగిపోయింది. వదినా, నూటపన్నెండు కిలోలు! నీళ్ళ మీద మూరెడు ఎత్తున! చేపలు కింద పోతుంటే కనిపించాయి. అంత సంతోషం నాకు పెళ్ళిరోజున కూడా లేదు, ఇది మాత్రం చెల్లెలికి చూపించకండి.

‘నేను పెళ్ళికూతుర్ని’ కూడా పనిచేస్తోంది. మొదట సిగ్గేసింది. ఇప్పుడు అది అనకపోతే లేవలేకపోతున్నాను.

ఒక్కటే చిక్కు. డ్రమ్ము దగ్గర తిరిగేటప్పుడు కాళ్ళు మార్చుకోవాలి. మార్చబోతే పడుతున్నాను. ఏం చెయ్యను?

మీ గాడిద మరిది,
రోకో


నీన్,
ఆగస్టు 7.

[కవరు మీద: ‘గాలివాన’, నెరేత్వా నది మొగ]

మరిదీ,

కవరు చూశావుగా. నీ పాత పేరొక్కటే రాశాను, ధైర్యం కోసం.

చదివి లేచి గంతేశాను. ఎడంకాలితోనే అనుకో, కుడి తుంటి కొత్తది.

కాళ్ళు మార్చకు. పది రోజుల్లో అది రాదు. తిరిగాక కాళ్ళు అలాగే ఉంచి, నడుం మెలిపెట్టి, మునివేళ్ళ మీద బరువేసి వచ్చెయ్. చూడ్డానికి బాగోదు, కానీ వస్తావు. గాలిపటాన్ని మాత్రం ఊరికే వదలకు, పైకీ కిందికీ ఊపుతూనే ఉండు. పల్చటి గాలిలో అది ఆగిందంటే పడుతుంది. పడితే మళ్ళీ లేవదు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం. ‘నేను పెళ్ళికూతుర్ని’ అన్నది మనసులో అనుకో, పైకి అనకు. నీ సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా హోరుగాలిలో అరిచి అరిచి, సముద్రం మీద ఎంత గట్టిగా అన్నా ఎవరికీ వినపడదనుకుంటావు. అది హోరుగాలి మాట. గాలి లేని రోజున నీళ్ళ మీద గుసగుస కూడా ఒడ్డు దాకా పోతుంది. మా ఉప్పుమళ్ళ దగ్గర అలా ఒకాయన తన అత్తగారి గురించి అన్న మాటలు ఊరంతా విన్నది. పాపం, ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాడు.

నోరు మూసుకుని గెలువు.

పెరీనా


నెరేత్వా నది మొగ,
ఆగస్టు 18.

వదినా,

మీ ఏడో తారీకు ఉత్తరం నాకు నిన్న అందింది. పదిహేడున. పండగ అయిపోయిన మర్నాడు.

పోస్ట్‌మాన్‌ని నిలదీశాను. తొమ్మిది రోజులు సంచిలో వేసుకుని తిరిగాడట. ‘గాలివాన అంటే ఎవరో తట్టలేదయ్యా. ఆ పేరుతో ఇప్పుడు ఎవరున్నారు? నిన్న పాశ్కో తాతనడిగితే మీ తాతని గుర్తు చేశాడు’ అన్నాడు. మా తాత పేరు రెండున్నర నెలల్లో చెరిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, నిజం. ఉత్తరం చదివాక మరీ వచ్చింది. ఎందుకో చెబుతాను.

పండగ రోజు ఊరేగింపు జెండా కర్రకి చుట్టుకుని కదల్లేదు. నాలుగింటికి ఊరంతా ఇసుక తిప్ప మీదికొచ్చింది. బ్యాండు మేళం కూడా. మీ చెల్లెలు గొడుగేసుకుని కుర్చీలో కూచుంది. నాకేసి ఒక చూపు చూసింది. ఆమెకి మొదటి నుంచీ అంతా తెలుసట! తలుపు నెత్తినేసుకుని ఊరంతా తిరిగినవాడు రహస్యమని ఎలా అనుకున్నాడో అని రొట్టెలకొట్టు ఆవిడతో అందట.

బయలుదేరాం. వింకో ముందు లేచాడు, అంతెత్తున, జనం ఆహా అన్నారు. నేను రెండుసార్లు పడి మూడోసారికి లేచాను. తేనెపెట్టెలు తలుచుకున్నాను, పెళ్ళికూతురు తలుచుకున్నాను. డ్రమ్ము దగ్గరికి వాడు నాకంటే వంద బారలు ముందున్నాడు. వాడు కాళ్ళు మార్చుకుని గిర్రున తిరిగాడు. నాకు మీ ఉత్తరం రాలేదుగా. నాకు నేనే కాళ్ళు మార్చకుండా, మెడ వెనక్కి తిప్పుకుని, నడుం మెలిపెట్టుకుని తిరిగాను. పిర్రలు ఊరి వైపు ఉన్నాయి. కానీ పడలేదు!

తిరుగుదారిలో వింకో మిట్ట మీదుగా అడ్డంగా కొట్టాడు. సరిగ్గా అక్కడే గాలి ఇంకాస్త తగ్గింది. పలక మెల్లగా కిందికి దిగింది, దాని కాలు మట్టిలో దిగబడింది. పలక ఆగింది, వింకో ఆగలేదు. వాడు నీళ్ళలో, వాడి గాలిపటం నీళ్ళలో. లేచి పలక లాగుతున్నాడు, రావడం లేదు. మేకు దిగినట్టు దిగింది.

నేనూ అదే మిట్ట మీదికొచ్చాను. నా పలకా దిగింది. అడుగు నీళ్ళకి తగులుతోంది. కింద జానెడు ఖాళీ ఉందో లేదో! గాలిపటాన్ని ఊపుతూనే ఉన్నాను. వింకో పక్కనుంచి పోతుంటే వాడు నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. ఓడిపోయినందుకు అనుకున్నాను. పొట్టికాలు మట్టికి తగలకుండా మిట్ట దాటింది. పలక మళ్ళీ లేచింది. తిప్ప మీద ఊరంతా నిశ్శబ్దం. మేళం కూడా ఆగిపోయింది. నా గొప్పతనం చూసి మాట పడిపోయిందనుకున్నాను వదినా!

ఒడ్డుకి చేరాను. గెలిచాను. పాశ్కో తాత వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ‘రా అమ్మా’ అన్నాడు.

అప్పుడు కూలిపోయింది తిప్పంతా. నవ్వలేక కొందరు ఇసుకలో కూచున్నారు. నేను బయల్దేరిన దగ్గర నుంచి ఒడ్డు చేరేదాకా, ‘నేను పెళ్ళికూతుర్ని, నేను పెళ్ళికూతుర్ని, తల నిటారు, బలిపీఠం చూడు, నేను పెళ్ళికూతుర్ని’ అంటూనే ఉన్నానట. గట్టిగా. నా గొంతు మీకు తెలుసుగా. ప్రతి ముక్కా స్పష్టంగా వినపడిందట, డ్రమ్ము దగ్గర నడుం మెలిపెట్టినప్పుడు ‘అమ్మా, గౌను జాగ్రత్త’ అన్నది కూడా.

సాయంత్రం పులుసు. పాశ్కో తాత పిలవడం మొదలెట్టాడు. ‘లంగరు!’ అన్నాడు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూచున్నాను. పందెం గెలిచానుగా, ఇంకా ఎందుకు పిలుస్తున్నాడు? రెండోసారి పిలిచాడు. చూస్తే ఎవరూ నా వంక చూడటం లేదు. అందరూ వింకో వంక చూస్తున్నారు. పాపం వాణ్ణీ వాడి పలకనీ మట్టిలోంచి పీకడానికి రెండు పడవలు, ఐదుగురు మనుషులు, గంటన్నర పట్టింది. ఆకలితో వణుకుతున్నాడు. లేచాడు వదినా. కంచం అందుకున్నాడు.

ఇక మా ‘గాలివాన’ కోసం ఎదురుచూశాను. పిలవలేదు. అన్ని ఇళ్ళూ అయిపోయాయి. ఒక్క కంచమే మిగిలింది. మొక్కజొన్న సంకటి గుట్టగా, దాని మీద కుండ అడుగున మిగిలిన మలుగుచేప ముక్క, నా ముంజేయంత.

‘పెళ్ళికూతురు!’ అన్నాడు పాశ్కో తాత.

నేను లేవలేదు. మా తాత తలపుకొచ్చాడు. హోరుగాలి, పడవ, మంత్రసాని. రెండోసారి పిలిచాడు. పళ్ళు బిగించాను. మీ చెల్లెలు నా చెవి దగ్గర, ‘పులుసు చల్లారుతోంది’ అంది. వాసన వచ్చింది. మూడోసారి పిలిచాడు.

వదినా, నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

లేచాను. మేళం పెళ్ళిపాట ఎత్తుకుంది. పులుసు చాలా బాగుంది.

రోకో


నీన్,
ఆగస్టు 24.

[కవరు మీద: ‘పెళ్ళికూతురు’, నది మొగ]

మరిదీ,

తుంటి సంగతి అడక్కు.

కవరు మీద నీ పేరు రాయలేదు, ఇంటిపేరు రాయలేదు. పాతపేరు రాసి నీ కొంప ముంచాను కాబట్టి ఈసారి కొత్తది రాశాను. చేరుతుందో లేదో చూద్దామని. చేరితే రెండు మాటలు రాయి.

కాళ్ళు మార్చకుండా తిరగడం నీ అంతట నువ్వే కనిపెట్టావు చూడు, దానికి మాత్రం మీ తాత ఎక్కడున్నా మీసం తిప్పుకుని ఉంటాడు. పాతికేళ్ళుగా నేర్పుతున్నాను, చెప్పకుండా అది చేసినవాడు నాకు తగల్లేదు.

పెరీనా


నెరేత్వా నది మొగ,
ఆగస్టు 26.

వదినా,

చేరింది. మర్నాడే. పోస్ట్‌మాన్ గేటు దగ్గర సైకిలు దిగను కూడా దిగలేదు.

మీ చెల్లెలికి మీరే ఏదైనా చెప్పండి. పొద్దున రొట్టెలకొట్టు ఆవిడ ఆమెను ‘పెళ్ళికొడుకు’ అంది. నెవెంకా ఇంటికొచ్చి తలుపేసుకుంది. నాతో మాట్లాడటం లేదు. మీ దగ్గర ఆ పొడుగు కాలు పలక ఇంకోటి ఉంటే నా కోసం పంపమని తలుపు వెనక నుంచే అంటోంది, లంగరు పెళ్ళాం అనిపించుకోవడమే నయమట. పండగకి ఇంకా పదకొండు నెలలే ఉందట.

మీ మరిది,
పెళ్ళికూతురు